రాయికి సాన పట్టడం ఎలా? గ్రైండర్ ఆన్ చేసే ముందు ఇది వినండి

(వీడియో ఎపిసోడ్‌లో చెప్పిన మాటలకు అక్షర రూపం. చదవడానికి వీలుగా అక్కడక్కడా చిన్న మార్పులు చేశాం.)



పోయిన వారం ఒక తమ్ముడు నాకు వీడియో పంపించాడు. వాళ్లది తుగ్గలి వైపు. మీకు తెలుసు కదా, తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం తలలు వంచుకుని రాళ్లు వెతుకుతుంటారు. ఈ తమ్ముడికి కూడా ఒక రాయి దొరికింది. రేగిపండంత ఉంది, కొంచెం మసక మసకగా, వెలుతురు లోపలికి పోయేలా ఉంది. దాన్ని కటింగ్ ప్లేయరుతో పట్టుకుని, టైల్స్ కోసే చేతి గ్రైండర్ పెట్టి కోస్తున్నాడు. గదిలో. మూతికి చేతిరుమాలు కట్టుకున్నాడు. కింద మెసేజ్: "అన్నా, ఎంత రుద్దినా మెరుపు రావట్లేదు, ఏం చెయ్యాలి?"

నేను ఆ వీడియో నాలుగైదు సార్లు చూశాను. రాయి వైపు నా దృష్టి పోలేదు. ట్యూబ్‌లైట్ వెలుగులో తెల్లగా లేస్తున్న దుమ్ము వైపే పోయింది. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు వాడు అడిగినదానికి జవాబు చెప్పుకుందాం. రాయికి మెరుపు ఎలా వస్తుంది?

మనం తెలుగులో "సాన పట్టడం" అంటాం. సాన అంటే అరగదీసే రాయి, అరగదీసే చక్రం. గంధం అరగదీసేది సాన, కత్తికి పదును పెట్టేదీ సానే. రాయిని రాయే కోస్తుంది. మొత్తం పనికి పునాది ఇదే. ఇనప బ్లేడుతో కోస్తున్నట్టు మనకు కనిపిస్తుంది గానీ, గ్రానైట్ కోసే బ్లేడు అంచుని ఒకసారి దగ్గరగా చూడండి. పళ్లుండవు. లోహంలో చిన్న చిన్న వజ్రపు రవ్వలు కూరి ఉంటాయి. లోహం ఆ రవ్వల్ని పట్టుకోవడానికి మాత్రమే. పని చేసేది రవ్వలే.

ఏ రాయి ఏ రాయిని గీస్తుంది అనేదానికి 1812లో ఫ్రెడ్రిక్ మోస్ అనే ఆయన ఒక వరస చెప్పాడు. 1 నుంచి 10 దాకా. పాలరాయిలో ఉండే కాల్సైట్ 3. పలుగురాయి, అంటే క్వార్ట్జ్, 7. కెంపు, నీలం 9. వజ్రం 10. మీ ఫోన్ గ్లాసు 6కీ 7కీ మధ్య ఉంటుంది. అందుకే జేబులో తాళాలతో కలిపి పెట్టుకున్నా పెద్దగా ఏం కాదు, ఇసుక రేణువు ఒక్కటి పడితే మాత్రం గీత పడుతుంది. ఇసుకలో ఉండేది ఎక్కువగా క్వార్ట్జే కాబట్టి. ఈ నంబర్లు వరస మాత్రమే చెప్తాయి, కొలత కాదు. 9కీ 10కీ తేడా ఒక్క అంకెలా కనిపిస్తుంది గానీ, నిజంగా కొలిస్తే వజ్రం కెంపు కంటే సుమారు నాలుగు రెట్లు గట్టిది.

9లో ఉన్న కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం. ఇంగ్లీషులో దాన్ని కొరండమ్ అంటారు. ఆ మాట మన దక్షిణాది భాషల నుంచే పోయింది. తెలుగులో కురువిందం, తమిళంలో కురుందం. మన దగ్గర పాతకాలపు సానవాళ్లు కురువిందం పొడిని లక్కతో కలిపి, కరిగించి, చక్రంలా పోసి వాడేవారు. ఒక చేత్తో వింటి బద్దలాంటి కర్రను ముందుకూ వెనక్కూ లాగితే దానికున్న తాడుతో చక్రం తిరుగుతుంది. రెండో చేత్తో రాయిని ఆనించి పడతారు. కరెంటు లేదు, మోటారు లేదు. నగల్లో కెంపులూ పచ్చలూ అలాంటి చక్రాల మీద అరిగినవే.

మరి వజ్రాన్ని ఏది కోస్తుంది? దానికంటే గట్టిది లేదు కదా. వజ్రాన్ని వజ్రపు పొడే కోస్తుంది. ఇక్కడొక తమాషా ఉంది. వజ్రం అన్ని వైపులా ఒకేలా గట్టిగా ఉండదు. లోపల అణువుల అమరికను బట్టి ఒక దిక్కులో అరుగుతుంది, ఇంకో దిక్కులో ఎంతసేపు పెట్టినా అరగదు. పోత ఇనప చక్రానికి నూనె, వజ్రపు పొడి రాస్తారు. ఆ పొడిలో రవ్వలు ఇష్టమొచ్చినట్టు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి, కొన్ని రవ్వల గట్టి వైపు మన రాయి మెత్తటి దిక్కుకి తగులుతుంది. అలా కొంచెం కొంచెం అరుగుతుంది. పనివాడు చక్రం మీద రాయిని ఆనించి, చప్పుడు విని, తీసి భూతద్దంలో చూసి, కొంచెం తిప్పి మళ్లీ ఆనిస్తాడు. ఆ దిక్కు దొరికేదాకా అదే పని. ప్రపంచంలో సాన పట్టే వజ్రాల్లో, సంఖ్య లెక్కన, అత్యధికం సూరత్‌లోనే తయారవుతాయి. ఇప్పుడు అక్కడ రాయిని కంప్యూటర్ స్కాన్ చేస్తుంది, లేజర్ కోస్తుంది. అయినా చక్రం దగ్గర మనిషి కూర్చునే ఉన్నాడు.

అన్నట్టు, ఒక మాట. "సుత్తితో కొట్టి చూడు, పగలకపోతే వజ్రం" అని పల్లెల్లో అంటుంటారు. దయచేసి అలా చేయకండి. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రానికి నాలుగు దిక్కుల్లో చీలిక ఉంటుంది. ఆ దిక్కులో ఒక్క దెబ్బ పడితే శుభ్రంగా రెండు ముక్కలవుతుంది. పాతకాలపు పనివాళ్లు పెద్ద రాళ్లను విడగొట్టింది ఆ చీలికతోనే. ఇంకో వజ్రంతో చిన్న గాటు పెట్టి, అందులో మొద్దు బ్లేడు నిలబెట్టి ఒక్కసారి తట్టేవారు. సుత్తి పరీక్ష పెట్టేవాడికి ఆ దిక్కు ఎటుందో తెలియదు. రాయికి తెలుసు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. మెరుపు.

తమ్ముడు అనుకున్నది ఏంటంటే, రుద్దితే మెరుపు వస్తుందని. సగం నిజం. రుద్దితే నునుపు వస్తుంది. రాయి లోపలి నుంచి వెలుగు ఎగిరొచ్చినట్టు కనిపించాలంటే మాత్రం కోణం కావాలి. మీ ఇంటికి ఫైబర్ నెట్ వస్తుంది కదా, ఆ సన్నటి గాజు తీగలో వెలుగు బయటికి కారిపోకుండా లోపలే తగులుకుంటూ కిలోమీటర్లు ఎలా పోతుంది? ఒక హద్దు కోణం దాటి గోడకి తగిలిన వెలుగు బయటికి పోలేదు, వెనక్కి తిరుగుతుంది. రాయిలో కూడా అంతే. వజ్రానికి ఆ హద్దు సుమారు 24.4 డిగ్రీలు. క్వార్ట్జ్‌కి సుమారు 40.5 డిగ్రీలు. అంటే వజ్రం లోపలికి పోయిన వెలుగుకి తప్పించుకునే దారి చాలా ఇరుకు. పైనుంచి వచ్చిన వెలుగు కింది పలకలకి తగిలి, అటు తిరిగి ఇటు తిరిగి మళ్లీ పైకే రావాలి. మన కంటికి మెరుపుగా కనిపించేది అదే.

1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే యువకుడు దీన్ని లెక్క కట్టి పుస్తకం వేశాడు. గుండ్రటి వజ్రానికి కింది పలకలు 40.75 డిగ్రీలు, పై పలకలు 34.5 డిగ్రీలు ఉంటే బాగుంటుందని తేల్చాడు. మొత్తం 57 పలకలు, కింద కొనమీద చిన్న పలక పెడితే 58. మరి అవే కోణాలు తీసుకెళ్లి పలుగురాయికి పెడితే? దాని హద్దు 40.5 కదా, 40.75 అంటే అంచు మీద నిలబడినట్టు. రాయిని కాస్త పక్కకి వంచగానే వెలుగు కిందికి కారిపోతుంది, మధ్యలో కిటికీలాగా ఖాళీ కనిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు క్వార్ట్జ్‌కి ఇంకొంచెం నిటారుగా, 42, 43 డిగ్రీలు పెట్టి కోస్తారు.

మీరు ఇంట్లోనే చూడొచ్చు. అమ్మ ఉంగరంలో రాయి విడిగా ఉంటే దాన్ని పేపరు మీద అక్షరాలపై పెట్టి పైనుంచి చూడండి. కింద అక్షరాలు చదవగలుగుతున్నారంటే వెలుగు కిందికి పోతోందన్నమాట. రాయి ఏదో చెప్పే పరీక్ష కాదిది, ఏ రాయైనా సరే కోత ఎలా ఉందో చెప్తుంది అంతే.

కోణం సరిగ్గా పెట్టాలంటే రాయి పోతుంది. బరువు పోతుంది. బరువుతో పాటు డబ్బు పోతుంది. ఈ గొడవ కొత్తదేం కాదు. 1600ల్లో తావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులకి వచ్చాడు. ఇప్పుడా చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. మన సానవాళ్ల గురించి ఆయన ఒక మంచి సంగతి రాశాడు. రాయి శుభ్రంగా ఉంటే మనవాళ్లు బరువు తగ్గకూడదని పైనా కిందా చక్రానికి ఊరికే తగిలించి వదిలేసేవారట. లోపల మచ్చో, చుక్కో ఉంటే మాత్రం, అది కనపడకుండా రాయి నిండా చిన్న చిన్న పలకలు పెట్టేసేవారట. అంటే ఆ రోజుల్లో ఎక్కువ పలకలు చూస్తే కొనేవాడు అనుమానపడాలి. ఇప్పుడు మనం ఎక్కువ పలకలకే ఎక్కువ డబ్బు ఇస్తున్నాం.

అదే తావెర్నియే ఇంకో కథ చెప్తాడు. కొల్లూరులో దొరికిన ఒక పెద్ద వజ్రం మొగల్ దర్బారు చేరింది. ఆయన లెక్క ప్రకారం మొదట 787 క్యారెట్ల పైమాట. దాన్ని సాన పట్టడానికి హోర్టెన్సియో బోర్జియో అనే వెనిస్ పనివాడికిచ్చారు. ఆయన విడగొట్టడం మానేసి మొత్తం అరగదీశాడు. చివరికి మిగిలింది 280 క్యారెట్లు. కూలీ ఇవ్వకపోగా పాదుషా పదివేల రూపాయలు జుర్మానా వేశాడట. 1665లో ఔరంగజేబు దగ్గర తావెర్నియే చూసింది ఆ మిగిలిన రాయినే.

కోహినూర్ సంగతి మీకు సగం తెలిసే ఉంటుంది. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే జనం క్యూ కట్టి వచ్చి, చూసి, ఇంతేనా అన్నారు. అది పాత భారతీయ కోత. బరువు దాచుకున్న కోత. ఆ రాయి మెరుస్తుంది గానీ యూరప్ వాళ్లకు అలవాటైన మిలమిల ఉండదు. 1852లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వూర్‌జాంగర్ అనే పనివాణ్ణి పిలిపించి, ఆవిరి యంత్రంతో తిరిగే చక్రం మీద 38 రోజులు సాన పట్టించారు. ఇప్పటి క్యారెట్ల లెక్కన సుమారు 190 ఉన్న రాయి 105.6 అయింది. దాదాపు సగం పొడైపోయింది. నా వరకు నేను ఆ పని తప్పనే అంటాను. మెరుపు పెరిగి ఉండొచ్చు. కానీ మనవాళ్లు రాయిని ఎలా చూసేవారో చెప్పే సాక్ష్యం ఆ పాత కోతలోనే ఉంది, దాన్ని అరగదీసి పారేశారు. మీరు ఒప్పుకోకపోతే కామెంట్లో తిట్టండి, పర్లేదు.

ఇప్పుడు పని వరస చెప్తాను, మన తమ్ముడి రాయి లాంటి మామూలు పలుగురాయికి. ముందు రాయిని గ్లాసు నీళ్లలో వేసి వెనక నుంచి లైటు పెట్టి చూస్తారు. పైన గరుకు వల్ల కనపడని పగుళ్లు నీళ్లలో కనపడతాయి. పగులు ఉన్నచోట కోసి తీసేస్తారు. తర్వాత గరుకు చక్రం మీద ఉజ్జాయింపుగా ఆకారం తెస్తారు. ఆ రాయిని చిన్న పుల్లకి లక్కతోనో మైనంతోనో అతికిస్తారు, వేళ్లతో పట్టుకుని కోణం నిలబెట్టలేం కాబట్టి. అప్పుడు ఒక్కో పలకా పెడతారు. మొదట గరుకు పొడి, తర్వాత సన్నం, ఇంకా సన్నం. ప్రతి దశ పని ఒక్కటే, ముందు దశ పెట్టిన గీతల్ని తీసేసి వాటికంటే చిన్న గీతలు పెట్టడం. చివరికి గీతలు వెలుగు అలల కంటే చిన్నవైపోతాయి. అప్పుడు వెలుగుకి అవి కనపడవు. పాలిష్ అంటే అదే. చివరి దశలో క్వార్ట్జ్‌కి సీరియం ఆక్సైడ్ అనే పొడి వాడతారు.

మధ్యలో ఒక దశ ఎగ్గొడితే ఏమవుతుంది? అప్పటికి ఏమీ కాదు. అన్నీ బాగానే ఉంటాయి. చివర్లో పాలిష్ చేశాక ఒక్క గీత కనపడుతుంది. దానికోసం మళ్లీ మూడు దశలు వెనక్కి పోవాలి.

ఈ అన్ని దశల్లోనూ ఒకటి మారదు. నీళ్లు. వజ్రానికైతే నూనె. మిగతా రాళ్లకి చక్రం మీద నీళ్లు చుక్క చుక్కగా పడుతూనే ఉండాలి. వేడికి రాయి పగలకుండా, బ్లేడు పాడవకుండా అని చెప్తారు. నిజమే. ఇంకో కారణం ఉంది.

మా మేనమామ ఇళ్లలో గ్రానైట్ ఫిట్టింగ్ పని చేసేవాడు. కిచెన్ ప్లాట్‌ఫామ్, మెట్లు, గడపలు. సింకు కోసం గ్రానైట్‌లో రంధ్రం కోయాలంటే పలకని అమర్చాక అక్కడే, వంటగదిలోనే, గ్రైండర్‌తో కోస్తారు. నీళ్లు పోస్తే బురద అవుతుంది, కొత్త టైల్స్ పాడవుతాయి, ఇంటివాళ్లు అరుస్తారు. కాంట్రాక్టరు పొడిగానే కోయమనేవాడు. మామయ్య తువ్వాలు చుట్టుకుని కోసేవాడు. చిన్నప్పుడు మా ఇంటికి వస్తే కనురెప్పల మీద కూడా తెల్లగా ఉండేది, మేం నవ్వేవాళ్లం, ముసలాడివైపోయావు మామయ్యా అని. పదిహేనేళ్లు చేశాడు. నలభై దాటాక ఆయాసం మొదలైంది. ముందు టీబీ అన్నారు, మందులు వాడాడు, తగ్గలేదు. తర్వాత ఇంకో డాక్టరు ఎక్స్‌రే చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పని చేస్తావు?" దాన్ని సిలికోసిస్ అంటారు. ఇప్పుడు మామయ్య మా మేడ మెట్లు ఎక్కలేడు. ఆ మెట్ల గ్రానైట్ ఆయన వేసిందే.

క్వార్ట్జ్ దుమ్ములో కంటికి కనపడేది పెద్ద ప్రమాదం కాదు, అది ముక్కులో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల అడుక్కి పోయేది మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని రేణువు. చేతిరుమాలు నేతలోంచి అది హాయిగా దూరిపోతుంది. గదిలో గంటలకొద్దీ గాల్లోనే తేలుతుంది. లోపలికి పోయాక శరీరం దాన్ని కరిగించలేదు, చుట్టూ మచ్చ కడుతుంది. ఆ మచ్చలు పెరుగుతూ పోతాయి. పని మానేసినా ఆగకపోవచ్చు. నయం చేసే మందు లేదు. టీబీ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. గుజరాత్‌లోని ఖంభాత్‌లో హరప్పా కాలం నాటి పద్ధతుల్లో అకీకు పూసలు చేసే పనివాళ్లున్నారు. రాయిని కాల్చి ఎర్రగా మారుస్తారు, ఇనప మొన మీద ఆనించి గేదె కొమ్ము సుత్తితో తట్టి ఆకారం తెస్తారు. అంత గొప్ప పని. మరి పొడి చక్రాల మీద అరగదీసే ఇళ్లలో ఈ జబ్బు ఉంది. అంతెందుకు, కిచెన్‌లకి వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్ని ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి నిషేధించింది, వాటిని కోసే కుర్రాళ్లకి ఇదే జబ్బు వస్తోందని.

ఒకటి రెండుసార్లు కోసినంత మాత్రాన ఏమైపోతుంది అంటారేమో. ఒక్క రోజుతో రాకపోవచ్చు. కానీ రాళ్ల పిచ్చి పట్టినవాడు ఒక్క రాయితో ఆపడు, నాకు తెలుసు.

అందుకని ఆ తమ్ముడికి నేను చెప్పింది ఇది. గ్రైండర్ పక్కన పెట్టు. పెయింట్ షాపుకి వెళ్లి వాటర్ పేపర్ అడుగు, కార్లకి పుట్టీ రుద్దే నల్ల పేపరు. 220, 400, 600, 1000, 2000 నంబర్లు, ఒక్కోటి తెచ్చుకో. దానిమీద ఉండేది సిలికాన్ కార్బైడ్, క్వార్ట్జ్ కంటే గట్టిది. ఒక ట్రేలో గాజు పలక పెట్టి, దాని మీద పేపరు పరిచి, నీళ్లు పోసి, రాయిని ఒకే వైపు చదునుగా రుద్దు. పేపరు ఎప్పుడూ తడిగా ఉండాలి. నంబరు మార్చే ముందు రాయినీ చేతులనీ బాగా కడుక్కో, ముందు నంబరు గరుకు ఒక్క రవ్వ మిగిలినా గీతే. మిగిలిన బురద నీళ్లు సింకులో పోయకు, పైపులో గడ్డకడుతుంది. ఆరనివ్వకు కూడా, ఆరితే మళ్లీ దుమ్మే. తడిగా ఉన్నప్పుడే గుడ్డతో తుడిచి కవర్లో కట్టి పారెయ్.

వేళ్లు నొప్పి పుడితే టంబ్లర్ అనే చిన్న యంత్రం ఉంది. తిరిగే డబ్బాలో రాళ్లు, గరుకు పొడి, నీళ్లు వేసి మూత పెడితే వారాల తరబడి దొర్లుతూ అవే నున్నగా అవుతాయి. ఖంభాత్‌లో పూర్వం తోలు సంచిలో పూసలు, పొడి, నీళ్లు పోసి ఇద్దరు మనుషులు అటూ ఇటూ దొర్లించేవారు. అదే పని.

ఇంకోటి కూడా చెప్పాను. 220 పేపరు మీద ఒక మూల రుద్ది చూడు. అరగడం మొదలైతే అది వజ్రం కాదు. ఎంతసేపు రుద్దినా పేపరే అరిగిపోయి రాయి అలాగే ఉంటే, అక్కడితో ఆపు. ఎవరికీ అమ్మకు, ఎవరికీ చూపించకు, ముందు రత్నాలు పరీక్షించే ల్యాబ్‌కి తీసుకెళ్లు.

నిన్న ఫోటో పంపాడు. (ఫోన్ చూపిస్తూ) ఇదిగో, స్టీల్ ట్రే, అమ్మ వంటింట్లోది అనుకుంటా, తిట్లు పడి ఉంటాయి. రాయి అరుగుతోంది. పలుగురాయే. కింద రాశాడు, "అన్నా, వజ్రం కాదు, అయినా ఒక వైపు అద్దంలా వస్తోంది, ఆపబుద్ధి కావట్లేదు. 600 దగ్గర ఉన్నా."